మా నాన్నదీ ఆటిజమేనా? అమ్మకేం చెప్పాలి?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఉంటున్నాం. నాలుగు నెలల క్రితం మా ఐదేళ్ల బాబుకి ఆటిజం అని తేల్చారు. సైకాలజిస్టు బాబు గురించి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే నాకు మా నాన్నే కళ్లముందు కనిపించారు. నాన్నకి 68. కరెంటాఫీసు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరై, అమ్మతో తెనాలిలో ఉంటున్నారు. ఉదయం ఏడూ నలభైకి టిఫిన్ పెట్టకపోతే రోజంతా ముభావమే. కంచంలో పప్పు వెళ్లి కూరకి తగిలితే తినరు. చెప్పకుండా చుట్టాలొస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. అలాంటప్పుడే రెండుసార్లు స్టీలు గ్లాసు గోడకేసి కొట్టారు. నా పెళ్లిలో అప్పగింతల వేళకి నాన్న లేరు. వెతికితే వంటశాల వెనక, బియ్యం బస్తాల మీద చెవులు మూసుకుని కూర్చుని ఉన్నారు. తమ్ముడు ఉద్యోగం పోయిందని ఫోన్ చేస్తే ‘పీఎఫ్ సంగతి ఏం చేశావు?’ అన్నారట. రెండేళ్లుగా వాడు మాట్లాడటం లేదు. ‘మనిషితో కాదు, గడియారంతో కాపురం చేశాను. ఇక నా వల్ల కాదు, నీ దగ్గరికి వచ్చేస్తా’ అంటోంది అమ్మ. ‘మీ వంశంలోదే వీడికి వచ్చింది’ అంటున్నారు మా అత్తగారు. నాన్నకి ఈ సంగతి చెప్పాలా? అమ్మకేం చెప్పను?

జవాబు: మీ నాన్నగారిని చూడకుండా, ఒక్క ఉత్తరం చదివి ఆయనది ఆటిజం అని నేను అనలేను. అయితే మీ అనుమానాన్ని కొట్టిపారేయనూ లేను. బిడ్డ కోసం వచ్చిన తల్లో తండ్రో మధ్యలో ఆగి, ‘ఇవన్నీ మా నాన్నకీ ఉన్నాయి కదా’ అనడం మా గదిలో కొత్తేమీ కాదు. కొందరు ‘నాకూ ఉన్నాయి’ అంటారు, కాస్త గొంతు తగ్గించి.

ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదని మీకు అనిపించవచ్చు. ఆయన బడికి వెళ్లే రోజుల్లో ఈ మాటే మన దగ్గర వినపడేది కాదు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథంలో ఆటిజానికి విడిగా చోటు దక్కింది 1980లో. చక్కగా మాట్లాడుతూ, చదువుకుంటూ, మనుషుల మధ్య మాత్రం తికమకపడేవాళ్ల గురించి లండన్ డాక్టరు లోర్నా వింగ్ వ్యాసం రాసింది 1981లో. ఆవిడ కూతురికీ ఆటిజమే. అప్పటికి మీ నాన్నగారికి పాతికేళ్లు దగ్గర పడుతున్నాయి. లెక్కలు తప్పుచేయని, ఎవరి జోలికీ పోని కుర్రాణ్ణి మన బళ్లలో ‘బుద్ధిమంతుడు’ అన్నారు, ఆఫీసులో ‘నిక్కచ్చి మనిషి’ అన్నారు, ఇంట్లో ‘మొండి’ అన్నారు. మూడు పేర్లూ ఒకే స్వభావానికి.

ఒక్క సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. ఇవన్నీ చిన్నప్పటినుంచీ ఉన్నాయా? మీ మేనత్త ఉంటే కబుర్లలో పెట్టి అడగండి: తిండి దగ్గర ఎలా ఉండేవాడు, తిరనాళ్లకి వెళ్తే ఏం చేసేవాడు, వీధిలో ఎవరితో ఆడేవాడు అని. ఆటిజం అరవయ్యో ఏట మొదలవదు. ఈ మధ్యే మనిషి మారారంటే దారి వేరు. చెవి పరీక్ష చేయించాలి, న్యూరాలజిస్టుకి చూపించాలి, డిప్రెషన్ ఉందేమో చూడాలి. ఫోన్‌లో దొరికే ప్రశ్నావళి నింపి మార్కులు చూసి ఖాయం చేసుకోకండి.

ఇక అమ్మ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆవిడ మాటే. మన ఇళ్లు సగం విప్పి చెప్పని సూచనల మీద నడుస్తాయి. ‘తలనొప్పిగా ఉందండీ’ అని భార్య అంటే, ఈ పూటకి వంట సంగతి మీరు చూడండి, కాసేపు పక్కన కూర్చోండి అని అర్థం. మీ నాన్నగారి లాంటి మనిషి ఆ మాట విని లేచి, మాత్ర తెచ్చి, నీళ్లు పక్కన పెట్టి, మళ్లీ పేపర్ అందుకుంటారు. చేయాల్సింది చేశాననే ఆయన నమ్మకం. నన్ను వదిలేశాడని ఆవిడ బాధ. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తనకూ ఆటిజం ఉన్న బ్రిటిష్ పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో ఇదే వాదించారు: ఆటిజం ఉన్నవాళ్లకి మిగతావాళ్ల మనసు ఎంత అర్థం కాదో, మిగతావాళ్లకి వీళ్ల మనసూ అంతే అర్థం కాదు, లోపమంతా ఒక పక్కనే ఉందనడం తప్పు అని. ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ మీ ఇంట్లో ఆ తేడా బరువు ఇద్దరూ సమానంగా మోయలేదు. చుట్టాలకి ‘ఆయనకి ఒంట్లో బాగోలేదు’ అని చెప్పింది ఆవిడ. పెళ్లిలో వియ్యపురాలి ముందు తలవంచుకుంది ఆవిడ. ఏడూ నలభైకి ముందే నిద్ర లేచిందీ ఆవిడే.

అందుకే, అమ్మ దగ్గరికి వెళ్లి ‘పాపం నాన్న తప్పు లేదమ్మా, ఆయనకి ఆటిజం’ అని మొదలుపెట్టకండి. సర్దుకుపో అన్న పాత మాటకే డాక్టరు సంతకం పెట్టించినట్టుంటుంది. ముందు ఆవిడని చెప్పనివ్వండి. ఒక మధ్యాహ్నమంతా పట్టినా పట్టనీ. తర్వాత ఎప్పుడో, ‘నువ్వు ఎంత చేసినా ఆయన పలకకపోవడం నీ లోటు కాదమ్మా, బహుశా ఇందువల్ల’ అనండి. కొందరికి ఈ మాటతో ఊరట వస్తుంది. కొందరికి కోపం వస్తుంది, ‘ఇది ముందే తెలిస్తే నా బతుకు వేరుగా ఉండేదా’ అని. మీ అమ్మ కోప్పడితే ఆపకండి.

గ్లాసు గోడకి కొట్టడం గురించి కూడా చెప్పాలి. పది గొంతులు ఒక్కసారి ఇంట్లోకి వచ్చేసరికి తట్టుకోలేక అలా జరిగి ఉండవచ్చు. ఎందుకు జరిగిందో అర్థం చేసుకోండి, కానీ ‘ఆయనంతే’ అని వదిలేయకండి. ఎప్పుడైనా చేయి చేసుకున్నారా అని అమ్మని విడిగా అడగండి. ఆటిజం ఉన్నవాళ్లందరూ కొట్టరు. కొడితే ఆటిజం పేరు చెప్పి మాఫీ చేయక్కర్లేదు.

అమ్మ వస్తానంటే రానివ్వండి. రెండు నెలలు. బాబుని థెరపీకి తిప్పడానికి మనిషి దొరికిందన్నట్టు కాదు, ఆవిడ విశ్రాంతికి. నాన్నగారికి మాత్రం ఫలానా తేదీన వెళ్తుంది, ఫలానా తేదీన వస్తుంది, ఏడూ నలభైకి టిఫిన్ ఫలానా చోటినుంచి, మధ్యాహ్నం క్యారేజీ ఇంటికి వస్తుంది అని కాగితం మీద రాసి, పది రోజుల ముందే ఇవ్వండి. ఉన్నట్టుండి వెళ్లిపోతే ఆయనకి కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. అదే ముందు తెలిస్తే, మీరు అనుకున్నదానికంటే బాగానే నెట్టుకొస్తారని నాకనిపిస్తోంది.

ఇప్పుడు మీరు. అప్పగింతలు. ఫంక్షన్ హాల్లో సన్నాయి, డోలు, వీడియో లైట్లు, అంతమంది ఏడుపు. ఆ రాత్రంతా ఆయన ఉగ్గబట్టుకుని ఉండి ఉంటారు. చెవులు మూసుకుని కూర్చున్న మనిషి మిమ్మల్ని వదిలి పోలేదు, ఆ చప్పుడు తప్పించుకోవడానికి పోయారు. ఇది తెలిసినంత మాత్రాన ఆ రోజు మీ పక్కన ఖాళీగా ఉన్న చోటు నిండదు. ఉత్తరం చివర, పెద్ద విషయం కాదన్నట్టు ఇంకో ముక్క రాశారు: మీకు తొమ్మిదో ఏట టైఫాయిడ్ వస్తే నాన్న ఒక్కసారి కూడా నుదుటి మీద చేయి వేయలేదు, కానీ రెండు గంటలకోసారి జ్వరం చూసి నోట్‌బుక్‌లో రాశారు, రాత్రిళ్లు కూడా అని. ‘చూశారా, అదే ప్రేమ’ అని నేను తొందరపడి చెప్పబోవడం లేదు. తొమ్మిదేళ్ల పిల్లకి కావలసింది చేయి. దొరికింది పట్టిక. ఆ చేయి దొరకనందుకు బాధపడే హక్కు మీకుంది. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచిన మనిషి కూడా నిజమే.

ఆయనకి చెప్పాలా? చెప్పవచ్చు. గొడవ మధ్యలో మాత్రం కాదు. ‘నీకు ఆటిజం, అందుకే ఇలా’ అని తమ్ముడు ఒక్కసారి విసిరాడంటే ఆ మాట ఇక తిట్టే అవుతుంది. బాబు వైపునుంచి రండి. ‘నాన్నా, బాబు గురించి అడిగిన ప్రశ్నలు కొన్ని నీ చిన్నతనానికి కూడా సరిపోతాయేమో అనిపించింది. కాగితాలు ఇక్కడ పెడుతున్నా, వీలున్నప్పుడు చదువు’ అనేసి బయటికి రండి. ఎదురుగా కూర్చుని మొహం చూడకండి. వారం తర్వాత ఏదో సందర్భం లేకుండా మాట్లాడతారు, లేదా మాట్లాడరు. వద్దంటే వదిలేయండి.

ఈ వయసులో నిర్ధారణ తప్పనిసరేమీ కాదు. ఆటిజాన్ని తీసేసే మందు లేదు. దాని వెంట వచ్చే ఆందోళనకి, దిగులుకి, నిద్ర పట్టకపోవడానికి ఉంది. ఆయనే తెలుసుకోవాలనుకుంటే పెద్దవాళ్లని పరీక్షించే సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో చూడండి. మన దగ్గర ఆటిజం అంటే పిల్లలకే అనుకునేవాళ్లు ఎక్కువ, కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఒక దారి. అమ్మకి మనసు విప్పుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మీ అత్తగారి మాట పెద్దగా పట్టించుకోకండి. ఆటిజంలో జన్యువుల పాత్ర ఎక్కువే. కానీ అది ఒక వంశం నుంచి ఊడిపడే ఒక్క జన్యువు కథ కాదు. చాలా జన్యువులు కలిస్తే అవుతుంది, అవి రెండు వైపులనుంచీ వస్తాయి. ఒకప్పుడు తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం అని విదేశాల్లో పెద్ద డాక్టర్లే అన్నారు. అది పూర్తిగా తప్పని తేలిపోయింది. అయినా నింద ఎక్కడో ఒక చోట ఆడదాని తలుపే తడుతుంది చూడండి.

తమ్ముడికి రాయబారం నడపకండి. మీరు గమనించింది ఒక్కసారి చెప్పండి చాలు: ఉద్యోగం పోయిందని వినగానే ఆయన బుర్ర వెతికింది చేయగల సాయం కోసం, అకౌంట్స్ మనిషికి అది పీఎఫ్ దగ్గర దొరికింది అని. మళ్లీ ఫోన్ చేయాలా వద్దా అన్నది వాడిష్టం. చేస్తే మాత్రం ‘నాన్నా, నాకు సలహా వద్దు, పది నిమిషాలు విను’ అని ముందే చెప్పమనండి. సూచనలు అందని మనిషికి తిన్నగా చెప్పిన మాట అందుతుంది.

మీ బాబూ, నాన్నగారూ పోయిన సెలవుల్లో రైల్వే టైంటేబుల్ ముందేసుకుని గంటసేపు మాటల్లేకుండా కూర్చున్నారని రాశారు. ఈసారి వెళ్లినప్పుడు మధ్యలో దూరి ‘తాతయ్యతో మాట్లాడు కన్నా’ అనకండి. ఆ గంటలో అమ్మని తీసుకుని అలా బజారుకి వెళ్లి రండి. సాయంత్రం ఎన్నింటికి తిరిగొస్తారో నాన్నగారికి చెప్పి వెళ్లండి.