భాషా సందేహాలు: ‘డెఫినెట్లీ’ ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో విదేశీ కొనుగోలుదారులకు ఉత్తరాలు రాసే పని చేస్తున్నాను. ఈ వారం స్లాబులు పంపడం కుదరనే కుదరదని చెప్పడానికి ‘వీ విల్ నాట్ డెఫినెట్లీ షిప్ ద స్లాబ్స్ దిస్ వీక్’ అని రాశాను. ‘అయితే పంపే అవకాశం ఎంతవరకు ఉంది?’ అని వారు తిరిగి అడిగారు. ‘డెఫినెట్లీ’ని ‘నాట్’ కంటే ముందు పెట్టాల్సిందని మా మేనేజరుగారు అంటున్నారు. ‘విల్’కూ క్రియకూ మధ్య మరో మాట చొప్పించడమే తప్పని మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులు అంటున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీ మేనేజరుగారి మాటే సరైనది. కొనుగోలుదారు మీ వాక్యాన్ని తప్పుగా చదవలేదు. మీరు రాసినదాన్ని రాసినట్టే చదివారు. ఇంగ్లీషులో ఇటువంటి క్రియావిశేషణం సాధారణంగా తన తరువాత వచ్చే భాగం మీద అధికారం చెలాయిస్తుంది. ‘నాట్ డెఫినెట్లీ’ అన్నప్పుడు ‘నాట్’ ముందుండి ‘డెఫినెట్లీ’నే కాదంటుంది కనుక, ‘పంపుతామని కచ్చితంగా చెప్పలేం’ అనే అర్థం వస్తుంది. ‘వీ డెఫినెట్లీ విల్ నాట్ షిప్’ అనో, ‘వీ డెఫినెట్లీ వోంట్ షిప్’ అనో రాసి ఉంటే అవతలివారికి సందేహం కలిగేది కాదు.

ఈ పొరపాటు మనవాళ్లకు ఎందుకు అలవాటైందో ఊహించడం కష్టం కాదు. తెలుగులో ‘పంపం’ అన్నప్పుడు కాదనడం క్రియ కడుపులోనే ఉంటుంది. ‘కచ్చితంగా’ అనే మాటను వాక్యంలో ఎక్కడ పెట్టినా అది ఆ క్రియకు బయటే నిలుస్తుంది కాబట్టి ‘ఈ వారం కచ్చితంగా పంపం’ అన్నా, ‘కచ్చితంగా ఈ వారం పంపం’ అన్నా కాదనడంలో తేడా రాదు. ఇంగ్లీషులో ‘విల్’, ‘నాట్’, ‘షిప్’ మూడూ విడివిడి మాటలు కనుక వాటి నడుమ ఖాళీలు ఉంటాయి, ఏ ఖాళీలో పెట్టామన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. (మనకూ ఇటువంటి సూక్ష్మాలు లేకపోలేదు. ‘వస్తాను’ అన్నవాడి కోసం అన్నం వండుతాం గానీ, ‘వస్తాన్లే’ అన్నవాడి కోసం ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఎసరు పెట్టరు.)

‘ప్రాబబ్లీ’తో ఇంత ప్రమాదం లేదు. ‘ఐ ప్రాబబ్లీ వోంట్ కమ్’, ‘ఐ విల్ ప్రాబబ్లీ నాట్ కమ్’ రెండూ సరైనవే. ‘ఐ వోంట్ ప్రాబబ్లీ కమ్’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ అర్థం తలకిందులు కాదు. ‘నెసెసరిలీ’ మాత్రం దీనికి తిరగబడి, ‘విల్ నాట్ నెసెసరిలీ’ అని ‘నాట్’ వెనకే ఉంటుంది. ఎందుకంటే అక్కడ మనం కాదనదలచుకున్నది ఆ తప్పనిసరితనాన్నే.

ఇక ఉపాధ్యాయులవారి నియమం. ‘నాట్’ లేని వాక్యంలో ‘విల్’ తరువాత, ప్రధాన క్రియకు ముందు ఉన్న చోటే ఈ మాటలకు సహజమైన స్థానం: ‘వీ విల్ డెఫినెట్లీ షిప్’, ‘ద ట్రైన్ విల్ ప్రాబబ్లీ బీ లేట్’. సహాయక క్రియలు రెండుంటే మొదటిదాని తరువాత పెట్టడం సురక్షితం. అక్కడ మాట చొప్పించరాదనే పట్టుదల ఎంత దూరం తీసుకుపోగలదో 2009 జనవరి 20న ప్రపంచమంతా చూసింది. అమెరికా రాజ్యాంగంలోని అధ్యక్ష ప్రమాణంలో ‘ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’ అని ఉండగా, ఒబామా చేత ప్రమాణం చేయిస్తున్న ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ‘ఫెయిత్‌ఫుల్లీ’ని తీసుకుపోయి వాక్యం చివర పెట్టారు. ఒబామా ఒక క్షణం ఆగిపోయారు. మరునాడు శ్వేతసౌధంలో ప్రమాణం మళ్లీ చేయించవలసి వచ్చింది. ‘విల్’నూ క్రియనూ విడదీయరాదన్న పాత భయమే ఆ తడబాటుకు మూలమని భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ అభిప్రాయపడ్డారు. అది నిజమో కాదో గానీ, విడదీసిన రూపమే రాజ్యాంగంలో ఉందన్నది మాత్రం మీ ఉపాధ్యాయులవారికి చెప్పవచ్చు.

ప్రశ్న: ‘ఐ విల్ సబ్‌మిట్ టుమారో ద రికార్డ్’ అని రాస్తే మా లెక్చరరుగారు కొట్టేశారు. ‘టుమారో’ను కూడా మధ్యలో పెట్టకూడదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: పెట్టకూడదమ్మా. క్రియకూ దాని కర్మకూ మధ్య క్రియావిశేషణం రాదు. ‘టుమారో’, ‘నెక్స్ట్ వీక్’ వంటి కాలాన్ని చెప్పే మాటలు వాక్యం చివరనో, ఒత్తి చెప్పాలంటే మొదటనో ఉంటాయి. చోటు, కాలం రెండూ చెప్పవలసి వస్తే సాధారణంగా చోటు ముందు వస్తుంది: ‘ఐ విల్ గో టు నెల్లూర్ టుమారో’. ‘రేపు నెల్లూరు వెళ్తాను’ అనే మన వరుసకు ఇది సరిగ్గా ఎదురు. ‘సూన్’ ఒక్కటి మధ్యలోనూ చివరలోనూ ఇముడుతుంది. ‘మేబీ’ని మాత్రం ‘విల్’ పక్కన ఇరికించకుండా వాక్యం మొదటే ఉంచండి: ‘మేబీ ఐ విల్ సబ్‌మిట్ ఇట్ టుమారో’. అయితే లెక్చరరుగారికి ఇచ్చే జవాబులో ఆ మాట లేకపోవడమే మంచిది.