తాతయ్య జీటీవో: కడగకండి, రంగు వేయించకండి, ముందు కాగితాలు వెతకండి

ప్రశ్న: మా చిన్న తాతయ్య 1969లో ఇంజనీరుగా డెట్రాయిట్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈ మధ్యే పోయారు. పిల్లలు లేరు. వీలునామాలో తన 1970 పాంటియాక్ జీటీవో నాకు రాశారు. కారు మిషిగన్‌లో ఆయన ఇంటి గరాజ్‌లోనే ఉంది. రంగు వెలిసింది, ఏళ్ల తరబడి స్టార్ట్ చేయలేదు. నేను ఒహాయోలో హెచ్1బీ మీద ఉన్నాను, వచ్చి రెండేళ్లే. తాతయ్య పక్కింటాయన 8 వేల డాలర్లు రొక్కం ఇస్తానంటున్నాడు. మా కజిన్ మంచి పెయింట్ వేయించి అమ్మితే రెట్టింపు వస్తుందంటున్నాడు. నా కారు ఇన్సూరెన్స్ వాళ్లు "దీన్నీ అదే పాలసీలో కలిపేద్దాం" అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ముగ్గురి మాటా వినకండి. తాతయ్యగారి తరం మనవాళ్లు 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత ఇక్కడికి వచ్చి, చేతికి నాలుగు డబ్బులు రాగానే కొనుక్కున్న కార్లు ఇవి. రంగు వెలిసినా, సీటు చిరిగినా, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండటమే దీని విలువ. దాన్ని పోగొట్టడానికి ఒక్క శనివారం చాలు.

ముందు అర్జెంటు పని. ఆ కారుకి ఇవాళ ఇన్సూరెన్స్ ఉందా? తాతయ్యగారి పాలసీ కాగితం వెతికించండి. చాలా ఆటో పాలసీల్లో పాలసీదారు పోయినా, గడువు తీరేదాకా ఆయన ఎస్టేట్ చూసే ఎగ్జిక్యూటర్‌కి కవరేజ్ కొనసాగుతుంది. గడువు ఎప్పుడు ముగుస్తుందో, కారు మీద ఏమేం కవర్ అవుతాయో ఎగ్జిక్యూటర్ చేత ఫోన్ చేయించి అడిగించండి. ఇంటి ఇన్సూరెన్స్ ఉంది కదా, గరాజ్‌లో ఉన్న కారుకీ వర్తిస్తుందిలే అనుకోకండి. రిజిస్ట్రేషన్ కావలసిన మోటారు వాహనాలు ఇంటి పాలసీలోకి రావు. గరాజ్ కాలిపోతే గరాజ్‌కి డబ్బొస్తుంది, కారుకి రాదు.

ఇక కారు దగ్గరికి వెళ్లండి. సబ్బు నీళ్లు, పాలిష్ ఏమీ వద్దు. స్టార్ట్ చేసి చూద్దామన్న ఆత్రం అసలే వద్దు. ట్యాంకులో పాత పెట్రోల్ జిగురై ఉంటుంది, సిలిండర్ల గోడలు పొడిబారి ఉంటాయి. ఒక్కసారి తాళం తిప్పి ఇంజన్ పాడు చేసుకున్నవాళ్లు ఉన్నారు. దుమ్ముతో సహా, ఎలా ఉందో అలాగే నాలుగు వైపులా, కింద, లోపల, ట్రంక్‌లో ఫోటోలు తీయండి. ఆ దుమ్ము ఫోటోలు రేపు ఇన్సూరెన్స్‌కీ, కొనేవాడికీ సాక్ష్యం.

తర్వాత విన్ నంబరు, అంటే ప్రతి కారుకీ ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబరు. 1981 మోడళ్ల నుంచే 17 అక్షరాల విన్ వచ్చింది. మీ కారుది 13 అక్షరాలే ఉంటుంది. మామూలు ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో కొడితే "తప్పు నంబరు" అని రావచ్చు, కంగారు పడకండి. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనిపించే రేకు మీద ఉంటుంది. 242తో మొదలైతే అది పుట్టుకతో జీటీవో. 235, 237 అయితే పాంటియాక్ వాళ్లదే లెమాన్స్ అనే వేరే మోడల్ కుటుంబం; తర్వాత ఎవరో జీటీవో బ్యాడ్జీలు తగిలించారన్నమాట. 242 తర్వాతి 37 అంటే హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు), 67 అంటే కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేది). ఆ తర్వాతి సున్నా 1970 సంవత్సరం. దాని పక్కన పి ఉంటే మిషిగన్‌లోని పాంటియాక్ ఊళ్లోనే తయారైంది. ఈ నంబరూ టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీది నంబరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఆ రేకును ఏ మెకానిక్ చేతా ఊడదీయించకండి. విన్ తీయడం, మార్చడం ఫెడరల్ నేరం.

అయితే విన్ అన్నీ చెప్పదు. 1970లో "ది జడ్జ్" అనే ప్యాకేజీతో వచ్చిన జీటీవోలు 3,797 మాత్రమే. మామూలు జీటీవోకీ దీనికీ ధరలో చాలా తేడా. కానీ జడ్జ్ అవునో కాదో విన్‌లో ఉండదు. స్టిక్కర్లూ, వెనక రెక్కా చూసి నమ్మడానికి లేదు, అవి ఎవరైనా కొనుక్కుని అంటించుకోవచ్చు. ఇక్కడ పాంటియాక్ వారసులు అదృష్టవంతులు. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ దగ్గర 1961 నుంచి 1986 దాకా ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డులు ఉన్నాయి. విన్ పంపి ఫీజు కడితే, ఆ కారు ఏ ఇంజన్‌తో, ఏ రంగుతో, ఏ ఆప్షన్లతో, ఏ డీలర్‌కి వెళ్లిందో కాపీ పంపుతారు. షెవర్లే వాళ్లకి ఇంత సుఖం లేదు. ఆ కాలపు షెవెల్ అనే మోడల్‌కి, జడ్జ్ లాంటిదే ఎస్ఎస్ ప్యాకేజీ ఉందని రుజువు చేయాలంటే పాత కాగితాల కోసం నానా తిప్పలు పడాలి. ఫోర్డ్‌కైతే 1967 నుంచి ఇలాంటిదే మార్టీ రిపోర్ట్ ఉంది.

ఇంజన్ అసలుదేనా అన్నది తర్వాతి ప్రశ్న. బ్లాకు ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, రెండక్షరాల కోడ్ కొట్టి ఉంటుంది. 400 క్యూబిక్ ఇంచుల, 350 హార్స్‌పవర్ ఇంజన్, ఆటోమేటిక్ గేర్‌తో అయితే ఆ కోడ్ వైఎస్. (మనవాళ్లకి ఆ రెండక్షరాలు చూడగానే ఇంకేదో గుర్తొస్తుంది, అది వేరే సంగతి.) మాన్యువల్ అయితే డబ్ల్యూటీ. దగ్గర్లోనే విన్‌లోని చివరి అంకెలు కూడా కొట్టి ఉంటాయి. అవి కలిస్తే "నంబర్స్ మ్యాచింగ్" అంటారు. గ్రీజు కింద ఉంటాయి కాబట్టి గుడ్డతో మెల్లగా తుడవండి, వైర్ బ్రష్ పెట్టి గీకకండి. గీకితే అసలు ముద్ర కూడా కొత్తగా కొట్టినదేమో అని అనుమానిస్తారు.

ఆ తర్వాత వెనక సీటు. సీటు అడుగు భాగాన్ని వెనక్కి నెట్టి పైకి లాగితే ఊడొస్తుంది. ఆ కారుకి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసుకున్న కాగితం, బిల్డ్ షీట్, చాలాసార్లు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొన్నిసార్లు పెట్రోల్ ట్యాంక్ పైన దొరుకుతుంది. చాలామటుకు ఎలుకలు కొరికేసి ఉంటాయి. మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, సగం ముక్క దొరికినా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఇంట్లో బీరువాలూ, పాత ఆల్బమ్‌లూ కూడా వెతకండి. డీలర్ బిల్లు, ఆయిల్ మార్పించిన రసీదులు, పాత ఇన్సూరెన్స్ కార్డులు, కారు పక్కన పంచె కట్టుకుని తాతయ్య నిలబడ్డ ఫోటో, అన్నీ పనికొస్తాయి. మొదటి నుంచీ ఒకే యజమాని, కాగితాలతో సహా అంటే కొనేవాళ్ల కళ్లు మెరుస్తాయి.

ఇప్పుడు ధర సంగతి. కలెక్టర్ కార్ల (సరదాగా సేకరించే పాత కార్ల) ధరల గైడులు కొన్ని కారు స్థితికి 1 నుంచి 4 దాకా నంబరు ఇస్తాయి. 1 అంటే పోటీల్లో ప్రదర్శనకి పెట్టేది, 4 అంటే లోపాలు కంటికి కనిపిస్తున్నా నడిచేది. ఇలాంటి కార్లకి ఇన్సూరెన్స్ ఇచ్చే హాగర్టీ వాళ్ల వాల్యుయేషన్ టూల్‌లో ఇవి చూడొచ్చు. మీ కారు నడవదు కాబట్టి 4వ నంబరు ధరలోంచి కూడా మళ్లీ రోడ్డెక్కించడానికయ్యే ఖర్చు తీసేయాలి. ఆ తర్వాత ఒరిజినల్ పెయింట్‌కీ, కాగితాలకీ పైన కలపాలి. ఈ కలపడం దగ్గరే గైడులు చేతులెత్తేస్తాయి. బ్రింగ్ ఎ ట్రెయిలర్, మీకమ్ వంటి వేలాల్లో అమ్ముడైన ధరలు చూడండి. అడిగిన ధరలు కాదు, అమ్ముడైనవి. పునరుద్ధరించని జీటీవోని పునరుద్ధరించని జీటీవోతోనే పోల్చండి, తళతళలాడే దానితో కాదు.

1968 మస్టాంగ్ ఒకటుంది, స్టీవ్ మెక్‌క్వీన్ సినిమాలో నడిపినది. 1974లో ఒకాయన 6 వేల డాలర్లకి కొన్నాడు, ఇంట్లో వాడుకున్నారు, తర్వాత కొడుక్కి వచ్చింది. పెయింట్ కూడా వేయించకుండా 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అమ్మితే, కమిషన్‌తో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. అందులో సింహభాగం సినిమా చలవే, మన జీటీవోకి ఆ లెక్క వర్తించదు. కానీ కొత్త రంగు వేయించి ఉంటే ఆ ధర వచ్చేది కాదని ఆ రంగంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

అలాగని ప్రతి తుప్పు కారూ బంగారం కాదు. మిషిగన్ రోడ్ల మీద చలికాలం ఉప్పు చల్లుతారు. ట్రంక్ అడుగు, వెనక చక్రాల పైన రేకు, ఛాసిస్ ఫ్రేమ్, వినైల్ టాప్ ఉంటే వెనక అద్దం కింద అంచు, ఇవి చూడండి. ఫ్రేమ్ తిని ఉండి, ఇంజన్ కూడా మార్చినదైతే "అన్‌రిస్టోర్డ్" అనే మాటకి అర్థం లేదు, అది ప్రాజెక్ట్ కారు, అంతే. అప్పుడు మీ కజిన్ పెయింట్ వేయించినా నష్టం లేదు, లాభమూ లేదు. మంచి రిస్టోరేషన్‌కయ్యే ఖర్చు చాలాసార్లు కారు ధరనే దాటిపోతుంది.

గైడ్ చూసి మీరే ఒక నంబరు వేసుకోవద్దు. స్వతంత్ర అప్రైజర్‌ని, అంటే విలువ కట్టే నిపుణుణ్ణి పిలవండి. ఫీజు ఇంతని ముందే చెప్పేవాణ్ణి పెట్టుకోండి, విలువలో శాతం అడిగేవాణ్ణి కాదు, కారు కొంటానని చూసేవాణ్ణి అసలే కాదు. తాతయ్యగారు పోయిన రోజుకి మార్కెట్ విలువ ఎంతో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఎందుకంటే వారసత్వంగా వచ్చిన ఆస్తికి, ఇక్కడి పన్ను లెక్కలో, మీ కొన్న ధర అంటే ఆ రోజు విలువే. తాతయ్య 1970లో మూడు వేల చిల్లరకి కొన్నారనుకోండి. ఆ రోజు విలువ 35 వేలని తేలి, మీరు 38 వేలకి అమ్మితే, లాభం 3 వేలే. ఆయన బతికుండగా మీకు బహుమతిగా ఇచ్చుంటే ఆ మూడు వేల చిల్లరే మీ లెక్కయ్యేది. ఇలాంటి కార్లని సాధారణంగా కలెక్టిబుల్‌గా (సేకరించే వస్తువుగా) చూస్తారు కాబట్టి, లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా వెళ్లొచ్చు. మిషిగన్‌లో వారసత్వ పన్ను లేదు, బతికిపోయారు. తాతయ్య పెన్సిల్వేనియాలోనో న్యూజెర్సీలోనో ఉండుంటే, అన్న మనవడి వరసకి 15 శాతం పడేది.

ఇక అసలు ఇన్సూరెన్స్. ఇందులో మూడు రకాల మాటలు వింటారు. మీ కంపెనీ చెప్పిన మామూలు పాలసీ "యాక్చువల్ క్యాష్ వాల్యూ", అంటే తరుగుదల పోను ఇచ్చేది. 55 ఏళ్లు దాటిన కారుకి ఆ తరుగుదల ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రెండోది "స్టేటెడ్ వాల్యూ". దీంట్లోనే మనవాళ్లు ఎక్కువ పడతారు. మీరు 40 వేలని రాస్తారు, 40 వేలకే ప్రీమియం కడతారు, కానీ కారు పోయినప్పుడు కంపెనీ, మీరు రాసిందీ మార్కెట్ విలువా రెండింట్లో ఏది తక్కువైతే అది ఇస్తుంది. మూడోది "అగ్రీడ్ వాల్యూ". ముందే ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం, కారు పూర్తిగా పోతే డిడక్టిబుల్ (మనమే భరించాల్సిన మొత్తం) ఉంటే అది పోను అంతా ఇస్తారు. మీకు కావలసింది ఇదొక్కటే. ఏజెంట్ ఫోన్లో ఏం చెప్పినా, పాలసీ డిక్లరేషన్ పేజీలో "అగ్రీడ్" అనే మాట మీ కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

ఈ పని చేసే ప్రత్యేక కంపెనీలు ఉన్నాయి: మిషిగన్‌లోనే ట్రావర్స్ సిటీలో ఉన్న హాగర్టీ, గ్రండీ, అమెరికన్ కలెక్టర్స్, జె.సి. టేలర్. ప్రీమియం మామూలు కారు కంటే తక్కువే ఉండటం చూసి ఆశ్చర్యపోతారు. దానికి బదులు షరతులు ఉంటాయి: తాళం వేసే గరాజ్, ఇంట్లో లైసెన్స్ ఉన్న ప్రతి మనిషికీ రోజూ వాడే వేరే కారు, ఆఫీసుకి వేసుకెళ్లకపోవడం, మచ్చలేని డ్రైవింగ్ రికార్డు. మీకు ఇక్కడ రెండు చిక్కులు. అపార్ట్‌మెంట్ కార్‌పోర్ట్‌ని గరాజ్‌గా ఒప్పుకోకపోవచ్చు, తాళం ఉన్న స్టోరేజ్ యూనిట్ అద్దెకు తీసుకోవాల్సి రావచ్చు. రెండోది, చాలా కంపెనీలు కొన్నేళ్ల అమెరికా డ్రైవింగ్ అనుభవం అడుగుతాయి. హైదరాబాద్‌లో పదేళ్లు నడిపానన్నది లెక్కలోకి రాకపోవచ్చు. ఆ పరిస్థితి వస్తే "స్టోరేజ్" కవరేజ్ అడగండి. దొంగతనం, అగ్ని, చెట్టు విరిగిపడటం వంటివి కవర్ అవుతాయి, లయబిలిటీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కవరేజ్) ఉండదు. అంటే ఆ పాలసీతో వీధి చివరిదాకా కూడా నడపకూడదు.

ఏజెంట్‌ని మరో మాట అడగండి: ముందు ఫెండర్ ఒక్కటే సొట్టపోతే? రంగు వేయించే డబ్బిస్తారు సరే, 1970 నాటి పెయింట్ పోయినందుకు తగ్గిన విలువ కూడా ఇస్తారా? పాత ఒరిజినల్ పార్టులతో బాగు చేయిస్తారా, వర్క్‌షాపు మనమే ఎంచుకోవచ్చా? పునరుద్ధరించిన కారుకి ఈ ప్రశ్నలు పెద్దగా అవసరం లేదు, మీ కారుకి ఇవే ముఖ్యం. విలువని ఏటా సరిచూసుకోండి.

(వీటికి ఇన్సూరెన్స్ అడగడంలో తమాషా ఒకటుంది. 1970ల మొదట్లో కుర్రాళ్ల చేతిలో ఈ శక్తివంతమైన కార్లు చూసి ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం విపరీతంగా పెంచడం కూడా మజిల్ కార్ల అంతానికి ఒక కారణం.)

ఒహాయోకి తేవాలంటే నడిపించకండి, మూసిన ట్రెయిలర్‌లో తెప్పించండి. ట్రక్కు ఎక్కించే రోజుకి ముందే మీ పాలసీ మొదలవ్వాలి. ట్రాన్స్‌పోర్టర్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. టైటిల్ మార్పిడి మిషిగన్‌లో డీఎంవీ (చాలా రాష్ట్రాల్లో వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) కాదు, సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు చూస్తుంది. ఎగ్జిక్యూటర్ సంతకం, ప్రొబేట్ కోర్టు (వీలునామాలు చూసే కోర్టు) పత్రాలు కావాలి. కారు అక్కడే ఉంచుకుని బాగు చేయించుకుంటే, 26 ఏళ్లు నిండిన వాటికిచ్చే హిస్టారిక్ ప్లేట్ తీసుకోవచ్చు. దానితో పరేడ్లకీ, షోలకీ, క్లబ్ కార్యక్రమాలకీ మాత్రమే నడపాలి, ఆగస్టు నెలలో మాత్రం వెసులుబాటు ఉంది. ఆగస్టులోనే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచీ.

హెచ్1బీ గురించి భయపడకండి. వారసత్వంగా వచ్చిన సొంత కారు అమ్ముకోవడం ఉద్యోగం చేయడం కాదు. కానీ దీంతో రుచి మరిగి పాత కార్లు కొని బాగు చేయించి అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం కిందికి వస్తుంది, అక్కడ వీసా చిక్కులు మొదలవుతాయి. రెండో కారు మీద మనసు పడితే, బయానా ఇచ్చే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.