సమాధానం: క్షిపణి ఉండగా మనిషి ఆకారపు రోబో ఎందుకు?

మిత్రమా, మీ నవలలోని ఇరవై మీటర్ల యుద్ధ రోబోను చూసి పాఠకులు “దూరం నుంచి ఒక్క క్షిపణి వదిలితే సరిపోదా?” అంటున్నారని, జవాబు తోచక మూడో అధ్యాయంలో ఆగిపోయానని రాశారు. రోబో జోలికి వెళ్లకండి. యుద్ధాన్ని మార్చండి.

జపాన్‌లో 1956 నాటి బొమ్మల కథ ‘టెట్సుజిన్ 28’లో రోబోను ఒక బాలుడు రిమోట్‌తో నడిపేవాడు. 1972లో ‘మజింగర్ జడ్’ కథ పైలట్‌ను రోబో తలలోనే కూర్చోబెట్టింది. అప్పటికీ రోబో అంటే సాటిలేని వీరుడే. 1979లో ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ అనే టీవీ యానిమేషన్ ధారావాహిక రోబోను కర్మాగారంలో వరుసగా తయారయ్యే ఆయుధంగా చూపింది. మీ చిక్కుకు విరుగుడు అక్కడే ఉంది. అందులో మినోవ్‌స్కీ కణాలనే కల్పిత కణాలు వెదజల్లితే రాడార్ పనిచేయదు, క్షిపణికి గురి కుదరదు. ఇక శత్రువును కళ్లతో చూసి దగ్గరగా పోరాడాల్సిందే. కాళ్లూ చేతులూ ఎందుకంటే, శూన్యంలో వాటిని ఊపితే ఇంధనం ఖర్చు కాకుండానే యంత్రం మరో దిక్కుకు తిరుగుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

రోబో ఒక్కసారిగా పుట్టినట్టు మాత్రం రాయకండి. గన్‌డమ్‌లో శత్రుపక్షపు రోబో పేరు జాకూ; దాని తొలి నమూనాలో శక్తిని మోసే గొట్టాలు కవచం లోపలే ఉంటాయి. తరువాతి నమూనాలో శక్తి పెరిగేసరికి అవి ముఖం మీదా నడుము చుట్టూ బయటికి వచ్చేశాయి. ఆ గొట్టాలను చూస్తేనే ఇంజనీర్లు పడిన అవస్థ తెలుస్తుంది. మీ రోబోకూ అలాంటి పాత నమూనా ఒకటి, దాని లోపం ఒకటి ముందు రాసుకోండి. మూడో అధ్యాయాన్ని ఆ లోపంతోనే మొదలుపెట్టండి.