శుక్రవారం ఫో, బుధవారం యాప్: నెలకు 850 డాలర్ల భోజనం మానుకోవాలా?

ప్రశ్న: మేము మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో, సెయింట్ ఆల్బన్స్‌కు దగ్గరగా ఉంటున్నాం. భార్యాభర్తలం ఇద్దరమూ ఉద్యోగం చేస్తున్నాం. పిల్లలకు తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. ఇంటి అప్పు ఇంకా 5,80,000 డాలర్లు ఉంది, వడ్డీ 6 శాతం, 28 ఏళ్లు కట్టాలి. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక వియత్నాం హోటల్ మాకు బాగా అలవాటయింది. ఈ మధ్య మావారు మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి ఆ ఒక్క హోటల్ తిండికే 2,549 డాలర్లు, అంటే నెలకు 850 పెట్టామని తేల్చారు. ఇది మానేస్తే అప్పు పదేళ్లు ముందే తీరుతుందని అంటున్నారు. ‘అక్కడ నాన్నగారి మందులకు కూడా నెలకు ఇంత కాదు’ అన్న మాట వచ్చాక ఆ హోటల్‌లో కూర్చున్నా ముద్ద దిగడం లేదు. వారమంతా పిల్లలు ఎదురుచూసేది ఆ శుక్రవారం భోజనం కోసమే. మానేయాలా?

జవాబు: మానేయనక్కరలేదు. అయితే ఆ 850 డాలర్లలో మీరు హోటల్‌లో కూర్చుని తిన్న భోజనం ఎంత, అలసిపోయిన సాయంత్రాల్లో ఫోన్ మీద వేలు నొక్కి తెప్పించుకున్నది ఎంత అన్నది ముందు విడదీసి చూడాలి. మీరు పంపిన స్టేట్‌మెంట్లలో నేను ఆ పనే చేశాను. మూడు నెలల్లో మీరు నలుగురూ 11 శుక్రవారాలు హోటల్‌కు వెళ్లి తిన్నారు, సగటున 74 డాలర్ల చొప్పున 814 అయింది. తొమ్మిది శనివారాలు మధ్యాహ్నం బాన్ మీ అనే వియత్నాం శాండ్‌విచ్‌లు కట్టించుకుని తెచ్చుకున్నారు, 36 చొప్పున 324. మిగిలిన 1,411 డాలర్లు యాప్ ద్వారా వచ్చిన 17 ఆర్డర్లవి, ఒక్కొక్కటి సగటున 83. అంటే ఇంట్లో మాటామాటా పెరగడానికి కారణమైన మొత్తంలో సగానికి పైగా ఆ హోటల్ గుమ్మం తొక్కకుండానే ఖర్చయింది. ఆ 17 ఆర్డర్లలో అత్యధికం బుధవారాలవే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో ఆదివారం వండి పెట్టుకున్న కూరలు సరిగ్గా ఆ రోజుకే నిండుకుంటాయి.

ఒక బుధవారం రసీదును హోటల్ మెనూ పక్కన పెట్టి చూశాను. రెండు చికెన్ ఫోలు (వియత్నాం నూడుల్స్ చారు), ఒక వర్మిసెల్లి గిన్నె, ఒక రైస్ పేపర్ (పల్చని బియ్యపు రేకు) రోల్స్ పొట్లం, పిల్లల కోసం ఒక వేపుడన్నం. హోటల్‌లో వీటి ధర 62 డాలర్లు. యాప్‌లో అవే పదార్థాలు 71 అయ్యాయి. దాని మీద డెలివరీ రుసుము 5, సేవా రుసుము 5, తెచ్చినవారికి ఇచ్చిన టిప్ 2, వెరసి 83. యాప్ కంపెనీలు హోటళ్ల నుంచి తీసుకునే కమిషన్ 30 శాతం దాకా ఉండడం వల్ల చాలామంది యజమానులు యాప్‌లో ధర పెంచి పెట్టక తప్పదు. అంటే మీరు అదనంగా ఇచ్చిన 21 డాలర్లలో వంట చేసిన మనిషికి చేరేది ఏమీ లేదనే చెప్పాలి. 17 ఆర్డర్లకు అది 357 డాలర్లు, ఈ లెక్కన ఏడాదికి 1,428. ఇది కాక యాప్ సభ్యత్వానికి నెలకు పది డాలర్లు పోతున్నాయి. ఆ పది డాలర్లు గిట్టుబాటు కావాలన్న ఆలోచనే మరో ఆర్డరు పెట్టిస్తుంది కనుక ముందుగా దానిని రద్దు చేయండి.

పైగా ఫో అనేది దారిలో ప్రయాణించే తిండి కాదు. ఎముకలను కొన్ని గంటలపాటు సన్నని సెగ మీద మరిగించి, కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు వేసి తీసిన ఆ చారును సలసల కాగుతుండగానే బియ్యపు నూడుల్స్ మీద పోస్తారు. పక్కన పళ్లెంలో మొలకలు, తులసిని తలపించే ఆకులు, నిమ్మ చెక్క, ఎర్ర మిరప ముక్కలు పెడతారు. ఆకులు తుంచి వేసి, నిమ్మ పిండి, ఆవిరి ముఖానికి తగులుతుండగా తినవలసిన పదార్థం అది. అదే ఇంటికి వచ్చేసరికి చారు ఒక డబ్బాలో గోరువెచ్చగానూ, నూడుల్స్ ఇంకో డబ్బాలో ముద్దగానూ ఉంటాయి. నేను కూడా చాలాకాలం అలా తెప్పించుకున్నవాడినే. ఒకరోజు గరిటెతో ఆ ముద్దను విడదీస్తూ ఎక్కువ డబ్బు ఇచ్చి తక్కువ భోజనం కొంటున్నానని గ్రహించాను, ఆ తరువాత ఫో అన్నది ఎప్పుడూ యాప్‌లో తెప్పించుకోలేదు.

ఇప్పుడు మీవారి పదేళ్ల లెక్క చూద్దాం. 5,80,000 డాలర్ల మీద 6 శాతం వడ్డీతో 28 ఏళ్లకు నెలవారీ వాయిదా సుమారు 3,568 డాలర్లు అవుతుంది. దానికి ప్రతి నెలా 850 కలిపి కడితే అప్పు పదేళ్లు ముందే తీరుతుంది, ఆయన చెప్పింది నిజమే. అయితే హోటల్ మానేసినంత మాత్రాన ఆ పూటలు ఉపవాసం ఉండరు కదా. నలుగురికి ఇంట్లో ఒక పూట వండుకోవడానికి సరుకులకు 20 డాలర్లు వేసుకున్నా, మూడు నెలల్లోని ఆ 37 పూటలకు నెలకు దాదాపు 250 అవుతుంది. అప్పుడు నిజంగా మిగిలేది 600, ముందుకు జరిగేది ఎనిమిదేళ్లు. అది కూడా అప్పు తీరేదాకా, అంటే ఇరవై ఏళ్లపాటు, ఒక్క వారమైనా తప్పకుండా పాటిస్తేనే. పూర్తి నిషేధం పెట్టుకున్న ఇళ్లను నేను చాలా చూశాను. రెండు మూడు నెలలు గట్టిగా ఉంటారు, ఒక అలసిన సాయంత్రం కట్టు తెగుతుంది, ఆ తరువాత పాత ఖర్చుకు మించి పోతుంది.

నేను సూచించేది ఇది. శుక్రవారాన్ని, శనివారపు బాన్ మీని ముట్టుకోవద్దు. యాప్‌ను మాత్రం పూర్తిగా వదిలేయండి. మూడు నెలల్లో 17 సార్లు తెప్పించుకున్న చోట రెండు వారాలకొకసారి, అంటే ఆరుసార్లు, మీరే హోటల్‌కు ఫోన్ చేసి చెప్పి, స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే దారిలో తీసుకురండి. ఒక్కొక్కటి 62 చొప్పున 372 అవుతుంది. మిగిలిన 11 పూటలు ఇంట్లో వండుకుంటే 220. ఇలా చేస్తే హోటల్ ఖర్చు నెలకు 500 దగ్గర నిలుస్తుంది, సరుకుల ఖర్చు తీసేశాక కూడా నెలకు 270 డాలర్లు చేతిలో మిగులుతాయి. ఆ 270 ప్రతి నెలా అప్పు వైపు మళ్లిస్తే, వడ్డీ ఇదే స్థాయిలో ఉన్నంతవరకు, అప్పు దాదాపు నాలుగున్నరేళ్లు ముందు తీరుతుంది, వడ్డీలో లక్ష డాలర్లకు పైగా ఆదా అవుతుంది. పూర్తిగా మానేస్తే వచ్చే ఎనిమిదేళ్లలో సగానికి పైగా, శుక్రవారం పోగొట్టుకోకుండానే దక్కుతుంది. మిగతా మూడున్నరేళ్ల మాటేమిటని మీవారు అడగవచ్చు. అది ఆ భోజనం ఖరీదు, ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ల పిల్ల, అయిదేళ్ల పిల్లవాడు తల్లిదండ్రులతో కలిసి శుక్రవారం హోటల్‌కు రావడానికి ఇష్టపడే కాలం ఎక్కువ ఉండదు కనుక, నా మట్టుకు నేను ఆ ఖరీదు ఇవ్వమనే చెబుతాను.

ఆ 270 డాలర్లను వాయిదాకు కలిపి కట్టడం కంటే, మీ రుణానికి ఆఫ్‌సెట్ ఖాతా ఉంటే అందులో వేయడం మంచిది. ఆ ఖాతాలో ఎంత ఉంటే అంత మేరకు అప్పు మీద వడ్డీ లెక్కించరు, అవసరమైతే ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, పొదుపు ఖాతా వడ్డీ మీద పడే పన్ను బాధ కూడా దీనికి లేదు. జీతం పడిన రోజే ఆ బదిలీ దానంతట అది జరిగేలా పెట్టండి. నెలాఖరుకు మిగిలింది వేద్దామనుకుంటే ఏమీ మిగలదు. ఆఫ్‌సెట్‌కు ఏడాది రుసుము ఉందా, మీది స్థిర వడ్డీ రుణమా అన్నవి ముందు బ్యాంకును అడగండి. స్థిర వడ్డీ రుణాల్లో ఈ సదుపాయానికి, అదనపు చెల్లింపులకు పరిమితులు ఉండవచ్చు.

వచ్చే ఏడాది తక్కువ వడ్డీ కోసం వేరే బ్యాంకుకు మారాలనుకుంటున్నామని కూడా మీరు రాశారు. అప్పుడు కొత్త బ్యాంకు ఇటీవలి స్టేట్‌మెంట్లు చూస్తుంది. వారానికి ఒకటి రెండు యాప్ ఆర్డర్లు కనిపిస్తే అది మీ జీవనవ్యయంగానే లెక్కలోకి వస్తుంది. పైగా అడిగిన వడ్డీకి కాక, దాని మీద మరో 3 శాతం కలిపిన వడ్డీకి మీరు వాయిదా కట్టగలరా అని చూడాలని 2021 అక్టోబరులో నియంత్రణ సంస్థ ఆప్రా బ్యాంకులకు నిబంధన పెట్టింది. కాబట్టి దరఖాస్తుకు నాలుగైదు నెలల ముందే ఈ మార్పు మొదలుపెట్టండి. భోజనాన్ని నాలుగు వాయిదాల్లో కట్టే పద్ధతి జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లవద్దు. 2025 జూన్ 10 నుంచి అటువంటి సంస్థలు కూడా రుణ చట్టం పరిధిలోకి వచ్చాయి, అది అప్పుగానే కనిపిస్తుంది.

కట్టించుకుని తెచ్చుకుంటే పన్ను తగ్గుతుందని కొందరు అనుకుంటారు. తగ్గదు. ఆస్ట్రేలియాలో 2000 జూలై 1న వచ్చిన 10 శాతం జీఎస్‌టీ పచ్చి కూరగాయలకు, మాంసానికి, బియ్యానికి లేదు గానీ హోటల్ భోజనానికి, వేడి పార్శిల్‌కు, బాన్ మీకి కూడా ఉంది. మీ 74 డాలర్ల శుక్రవారం బిల్లులో 6 డాలర్ల 73 సెంట్లు పన్నే. ఇంకొక చిన్న విషయం, సెలవు రోజుల్లో చాలా హోటళ్లు పది పదిహేను శాతం అదనంగా వేస్తాయి, మెనూ మీద ఆ సంగతి రాసి ఉంటుంది. పండుగ సెలవు శుక్రవారం పడితే గురువారమే వెళ్లిరండి.

ఇంట్లో వండుకునే ఆ 11 పూటలకు ఒక మాట. ఫో ఇంట్లో చేయబూనకండి. నలుగురి కోసం ఎముకలు కొని, గంటల తరబడి గ్యాస్ మండించి, అన్ని ఆకులూ కట్టలుగా కొంటే హోటల్ ధరకు తక్కువేమీ కాదు, బుధవారం సాయంత్రం అంత ఓపికా ఉండదు. కానీ మీ పిల్లలు ఇష్టపడే రైస్ పేపర్ రోల్స్ వేరు. సెయింట్ ఆల్బన్స్‌లో ఆల్‌ఫ్రీడా వీధిలోని కిరాణా దుకాణాల్లో రైస్ పేపర్, సన్నని వర్మిసెల్లి, పుదీనా, కొత్తిమీర చవకగా దొరుకుతాయి. రేకును వెచ్చని నీళ్లలో ముంచి తీసి, ఉడికిన కోడిమాంసం, దోసకాయ ముక్క, ఆకులు పెట్టి చుట్టడం అయిదేళ్ల పిల్లవాడికి కూడా ఆటే. కోమ్ తామ్ అనే వారి అన్నం అయితే మనకు మరీ దగ్గర, అది నూకల అన్నమే. మిల్లులో విరిగి పేదల పాలయిన నూకలనే సైగాన్ వాళ్లు కాల్చిన మాంసంతో, ఊరబెట్టిన ముల్లంగితో వడ్డించి పేరున్న వంటకంగా నిలబెట్టారు. నూకల ఉప్మా తిని పెరిగిన మనకు దానిని ఇంట్లో వండుకోవడం కష్టం కాదు.

మామగారి మందుల మాట మిగిలింది, నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. 74 డాలర్లను రూపాయల్లోకి మార్చితే నాలుగు వేలు దాటుతుంది, ఆ అంకె వినగానే ఎవరికైనా గుండె గతుక్కుమంటుంది. కానీ మీ జీతం, మీ అప్పు, మీ కూరగాయలు అన్నీ డాలర్లలోనే ఉన్నప్పుడు భోజనాన్ని మాత్రమే రూపాయల్లో తూచడం సరైన కొలత కాదు. ఇద్దరూ కలిసి ఆ ఖర్చుకు ఎన్ని గంటల పని సరిపోతుందో లెక్కవేసుకోండి. తండ్రికి పంపవలసింది తండ్రికి పంపవలసిందే. దానికి ఒక మొత్తం నిర్ణయించి, జీతం వచ్చిన రోజున, ఆఫ్‌సెట్ బదిలీ కంటే కూడా ముందు పంపేయండి. ఇప్పుడు అక్కడి నుంచి అడిగినప్పుడల్లా మీవారు పంపుతున్నారు, అందుకే ప్రతి ఖర్చూ ఆయన కళ్లకు తండ్రి వాటాలోంచి తీసినట్టు కనిపిస్తోంది. ఆ బాధ్యత నెల మొదట్లోనే తీరిపోతే, భోజనం బల్ల దగ్గర ఆ మాట రావలసిన అవసరం ఉండదు.

శుక్రవారానికి 80 డాలర్లు నగదుగా ఒక కవరులో పెట్టి తీసుకువెళ్లండి. అది మీ సగటు కంటే ఆరు డాలర్లు ఎక్కువే. ఆ హద్దులో పిల్లలే మెనూ చూసి ఎంచుకోనివ్వండి, తొమ్మిదేళ్ల పిల్లకు కూడికలు అక్కడే బాగా వస్తాయి. కవరులో మిగిలినది మరుసటి వారానికి చేరాలి. మూడు నెలల తరువాత ఇద్దరూ కలిసి స్టేట్‌మెంట్లు మళ్లీ తీయండి. హోటల్ ఖర్చు నెలకు 500 దాటినట్టు కనిపిస్తే ముందు బుధవారాలను, ఆ తరువాత శనివారాలను చూడండి. శుక్రవారం మీద చేయి వేయవలసి వస్తుందని నేను అనుకోవడం లేదు.