సూపర్ మార్కెట్ సొంత సరుకా, పేరున్న బ్రాండా? ఉద్దిపప్పు నానేసి చూడండి

"తిరుపతిలో కొత్తగా కాపురం పెట్టాం. సూపర్ మార్కెట్లో వాళ్ల సొంత పేరుతో అమ్మే పప్పులూ నూనెలూ బ్రాండ్ వాటికంటే తక్కువకు వస్తున్నాయి. కొనొచ్చా, నాణ్యతలో తేడా ఉంటుందా?" అని మీ ప్రశ్న.

తేడా ఉంటుంది, అన్నిట్లో కాదు. ఉప్పు, చక్కెర దగ్గర బ్రాండ్‌కు ఎక్కువ పెట్టడం శుద్ధ దండగ. అయొడైజ్డ్ ఉప్పు ఎవరిదైనా అంగట్లో మన చేతికొచ్చేటప్పుడు పది లక్షల వంతులకు 15 వంతులు తగ్గకుండా అయొడిన్ ఉండి తీరాలి. చక్కెరకు ఎం-30, ఎస్-30 అని మిల్లులోనే గ్రేడు కడతారు. అక్షరం పలుకు సైజుకు, అంకె తెల్లదనానికి. ఎస్ అంటే సన్నపలుకు, కాఫీలో తొందరగా కరుగుతుంది. దాన్ని ఏ కవర్లో పోసినా అదే చక్కెర.

అసలు సంగతి బయటపడేది ఉద్దిపప్పు దగ్గర. కోస్తా వాళ్లు మినపగుళ్లు అంటారే, ఆ గుండు ఉద్దిపప్పు. ఒక పూట ఓపిక చేసుకుంటే మీ వంటింట్లోనే తేలిపోతుంది. సొంత లేబుల్‌ది అరకిలో, బ్రాండ్‌ది అరకిలో తెచ్చి చెరో గ్లాసు విడివిడిగా కొలవండి. ముందు ఒక గుప్పెడు పళ్లెంలో పోసి ముక్కలు, పొట్టు వదలనివి, పురుగు తొలిచినవి ఏరి చూడండి. తర్వాత కడగండి. రెండు మూడు కడుగుల దాకా తెల్లనీళ్లు మామూలే. నాలుగో కడుగుకూ పాలల్లే వస్తుంటే మెరుపు కోసం పైన ఏదో పొడి పట్టించారని అనుమానించాలి.

రెండింటినీ విడివిడిగా, ఒకే రకం నీళ్లలో మూడు గంటలు నానేసి, ఒకదాని తర్వాత ఒకటి గ్రైండర్లో అరగంట రుబ్బండి. నీళ్లు చల్లగా ఉండాలి, ఎండాకాలమైతే ఫ్రిజ్జు నీళ్లే. పిండి వేడెక్కితే మంచి పప్పు కూడా చతికిలబడుతుంది. మొదట అరగ్లాసు పోసి, తర్వాత చిలకరిస్తూ పోవాలి. కొత్త పప్పు రుబ్బేకొద్దీ నీళ్లు అడుగుతుంది. గ్లాసు పప్పుకు గ్లాసుంముప్పావు నుంచి రెండు గ్లాసుల దాకా తాగి, దూదిలాగా రాతి అంచుకు ఎక్కుతుంది. చిటికెడు పిండి నీళ్ల గిన్నెలో వేస్తే తేలుతుంది. కొలిస్తే నాలుగు, నాలుగున్నర గ్లాసులు ఒదుగుతుంది. పాత పప్పు గ్లాసుంబావు నీళ్లకే జారైపోతుంది, చుక్క వేస్తే మునుగుతుంది, మూడు గ్లాసులు కూడా దాటదు. ఉద్దిపప్పులోని జిగురూ మాంసకృత్తులూ కలిసి పిండిలో గాలిని పట్టి ఉంచుతాయి. నిల్వ ఉండే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. ఈ పరీక్షలో మెంతులు వేయకండి, మెంతి జిగురు పప్పు లోపాన్ని దాచేస్తుంది. ఒకటి గ్రైండర్లో, ఒకటి మిక్సీలో రుబ్బి పోల్చడం కూడా కుదరదు.

ఇప్పుడు డబ్బు లెక్క. బాగా ఒదిగే పప్పయితే నాలుగు గ్లాసుల ఇడ్లీ బియ్యానికి ఒక గ్లాసు చాలు. ఒదగనిదైతే మూడు గ్లాసులకే ఒకటి, అంటే నాలుగు గ్లాసుల బియ్యానికి గ్లాసున్నర కాస్త తక్కువ. కాబట్టి ఒదగని పప్పు ధర మంచిదాని ధరలో ముప్పావు వంతు కంటే తక్కువుంటేనే గిట్టుబాటు. మంచిది కిలో 160 అనుకుంటే ఇది 120 లోపు దొరకాలి. 140కి తెచ్చి ఇరవై మిగిలింది అనుకుంటే, మిగిలింది గట్టి ఇడ్లీలే.

ఇదంతా విని సొంత లేబుల్ అంటేనే పాత సరుకు అనుకోవద్దు. ఒక నెల బ్రాండ్ కంటే బాగా ఒదుగుతుంది, మరుసటి నెల అదే ప్యాకెట్ మోసం చేస్తుంది. డీమార్ట్ వాళ్ల ప్రీమియా అన్నా, రిలయన్స్ వాళ్ల గుడ్ లైఫ్ అన్నా కవర్ ముందు రాసి ఉన్నది అమ్మేవాడు పెట్టుకున్న పేరు. పప్పు ఆడించి నింపిన ప్యాకర్ పేరు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఊరికీ బ్యాచ్‌కీ మారొచ్చు. నాలుగైదు అడ్రసులు అచ్చేసి, "బ్యాచ్ నంబర్ మొదటి అక్షరాన్ని బట్టి చూసుకోండి" అని రాసిన ప్యాకెట్లూ ఉంటాయి. ఆ అక్షరమే మీకు కావాల్సింది. బాగా వచ్చిన ప్యాకెట్ వెనక వైపు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుని, మళ్లీ కొనేటప్పుడు అదే ప్యాకర్, రెండు నెలలు దాటని ప్యాకింగ్ తేదీ వెతకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబర్లో 14 అంకెలుంటాయి. రెండు నంబర్లుంటే ఒకటి అమ్మేవాడిది, ఒకటి ప్యాకర్‌ది. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. నాలుగు, ఐదు అంకెలు ఆ లైసెన్సు ఇచ్చిన ఏడాది. అంతకు మించి ఆ నంబరు పప్పు మంచిదో కాదో చెప్పదు.

కందిపప్పుకు వేరే చిక్కు, కలగలుపు లాట్లు. కుక్కర్ మూత తీస్తే సగం పప్పు మెత్తగా మెదిగి, సగం బద్దలు బద్దలుగా నిలిస్తే కొత్తదీ పాతదీ కలిపారన్నమాట. మొత్తం ఉడక్కపోతే మాత్రం పప్పును తిట్టే ముందు నీళ్లు చూడండి. ఊరి చివరి కాలనీల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఎంత మంచి గుల్బర్గా పప్పయినా ఆ నీళ్లలో మొండికేస్తుంది. తెలుగుగంగ నీళ్లో, కల్యాణి డ్యాం నీళ్లో వచ్చే కొళాయివి పట్టి, అరగంట నానబెట్టి, గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లతో నాలుగు విజిల్స్ రానివ్వండి. ఉప్పు, చింతపండు, టమోటా పప్పు ఉడికాకే. అప్పటికీ బద్దలుగానే ఉంటే తప్పు ప్యాకెట్‌దే. పచ్చి పప్పును చేత్తో నలిపితే వేళ్లకు జిడ్డు అంటుకుందా, అది నూనె పాలిష్. మెరుపే తప్ప రుచి పెరగదు.

నూనె, నెయ్యి కొలతల దగ్గర చాలామంది దెబ్బ తింటారు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. ఒకే ఎత్తు ప్యాకెట్లలో ఒకటి 910, ఇంకొకటి 850 గ్రాములు ఉంటే ధరలు పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. నెయ్యి ఇంకా గమ్మత్తు. అర లీటరు డబ్బా 300, అరకిలో డబ్బా 320 అనుకోండి. అర లీటరు నెయ్యి తూగేది 455 గ్రాములే. అంటే వంద గ్రాములు మొదటిది దాదాపు 66, రెండోది 64. చౌకగా కనపడిందే ఖరీదు. ప్యాకెట్ మీద ఎం.ఆర్.పి. పక్కన గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంతని యూనిట్ ధర ఉంటుంది. గ్రాము ధరను గ్రాము ధరతోనే పోల్చాలి. సొంత లేబుల్ నూనెలో ఇంకోటి, ముందు వైపు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉన్నా వెనక "బ్లెండెడ్" అని ఉందేమో చదవండి. రెండు నూనెల కలగలుపు నేరమేం కాదు, చట్టబద్ధమే. కానీ పొద్దుతిరుగుడు ధర పెట్టి తవుడు నూనె మోసుకెళ్లడం ఎందుకు?

మరో మాట కూడా అనాలి. సొంత లేబుల్ మీద "40 శాతం తగ్గింపు" అని ఎర్ర చీటీ కట్టడం వట్టి హాస్యం. ఎం.ఆర్.పి. వేయించేదీ వాళ్లే, కొట్టేసేదీ వాళ్లే. వందని రెండొందలు చేసి సగానికి ఇస్తే తగ్గిందెక్కడ? అలాగే బియ్యం బస్తాలు 26 కిలోలు ఎందుకయ్యాయంటే, 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకెట్లకు 5 శాతం జీఎస్టీ పడింది కాబట్టి. ఇంట్లో నలుగురుంటే ఐదు కిలోల సంచులు వదిలేసి, బియ్యం అంగట్లో గుప్పెడు నమలి చూసి, పాత బియ్యం బస్తా వేయించుకోండి. ఉద్దిపప్పులో పాతది పనికిరాదు, బియ్యంలో కొత్తది పనికిరాదు.

బ్రాండ్‌కు డబ్బు పెట్టాల్సింది టీపొడి, కాఫీపొడికి. పెద్ద కంపెనీల్లో టీ రుచి చూసేవాళ్లు రకరకాల తోటల పొడి కలిపి ఈ నెల రుచే వచ్చే నెలా నిలబెడతారు. మనం కట్టేది ఆ పనికి. కాఫీలో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంతో ప్యాకెట్ మీద ఉండాలి, 49 శాతం దాకా వేసుకోవచ్చు. 53:47 పొడి చవగ్గా వస్తుంది, డికాక్షన్ నల్లగా దిగుతుంది, వాసన మాత్రం ఉండదు. ఫిల్టర్ కాఫీ అలవాటున్న ఇంట్లో 80:20 కంటే కిందకు దిగితే గొడవలే.

సబ్బుపొడి, ఫినాయిలు మీ ఇష్టం.

చెనిక్కాయ విత్తనాలు (వేరుశనగ గింజలు) మాత్రం సొంత లేబుల్‌వీ వద్దు, బ్రాండ్‌వీ వద్దు. చెనిక్కాయ పండే జిల్లాలో ఉండి కవర్లో సీలు వేసినవి కొనడమేమిటి? విడిగా అమ్మే అంగట్లో నాలుగు గింజలు నోట్లో వేసుకోండి. ముక్కిన వాసన, చేదు తగిలితే వెనక్కి పోసేయండి. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయాల్సిందే, బూజు విడిచే అఫ్లాటాక్సిన్ విషం ఎక్కువగా ఉండేది వాటిల్లోనే, వేయించినా పూర్తిగా పోదు. పొట్టు తీసినవి వద్దు, తొందరగా ముక్కిపోతాయి. కిలో కంటే ఎక్కువ తేవద్దు. సన్నసెగ మీద పన్నెండు పదిహేను నిమిషాలు వేయించి, ఆరాక పొట్టు చెరిగితే ఊరిబిండికి (చెనిక్కాయ పచ్చడికి) రెడీ.