‘సన్స్ అండ్ లవర్స్’ పేపర్‌కి ఈడిపస్ ఒక్కటీ చాలదు

డి.హెచ్. లారెన్స్ నవల ‘సన్స్ అండ్ లవర్స్’ మీద ఎం.ఏ. పేపరు రాస్తూ, కథానాయకుడు పాల్‌కి ఈడిపస్ కాంప్లెక్స్ (కొడుక్కి తల్లి మీద మోహం, తండ్రి మీద పగ ఉంటాయని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పింది) ఉందని చూపిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. నవల 1913లో వచ్చింది, ఆ మాట 1916లోనే విమర్శకుడు ఆల్‌ఫ్రెడ్ కట్నర్ రాసేశాడు. అంతకు ముందే, 1912 నవంబరులో, తన సంపాదకుడు గార్నెట్‌కి రాసిన ఉత్తరంలో లారెన్సే కథంతా తల్లి చేతిలో చిక్కిన కొడుకుల కథగా విప్పి చెప్పాడు. కాబట్టి మీరు కొత్తగా కనిపెట్టడానికి అక్కడేం మిగల్లేదు.

పనికొచ్చేది ఫ్రాయిడ్ 1912 వ్యాసం. మమకారం ఒకరి మీద, కోరిక ఇంకొకరి మీద పోవడం గురించి అందులో ఉంటుంది. దాన్నిబట్టి, పాల్ ప్రేమించిన మిరియమ్‌ని మమకారానికి, క్లారాని కోరికకి అని చెరో గడిలో పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకండి. మిరియమ్‌తోనూ పాల్‌కి శరీర సంబంధం ఉంటుంది, అది బెడిసికొడుతుంది. క్లారాని ఆమె మొగుడు డాస్ దగ్గరికి మళ్లీ చేర్చేదీ పాలే. డాస్‌తో కొట్లాడి, ఆ తర్వాత అతనితోనే స్నేహం చేస్తాడు. తండ్రి మీది కోపం, జాలీ రెండూ అక్కడ బయటపడతాయి.

నాలుగో అధ్యాయంలో బొమ్మ ఘట్టాన్ని మాత్రం వదలొద్దు. చెల్లి కాదు, అక్క యానీది ఆ బొమ్మ, పేరు అరబెల్లా. సోఫా మీదకి దూకి పొరపాటున విరగ్గొడతాడు. తర్వాత దాన్ని బలి ఇద్దామంటాడు. నుదుటి మైనం చెమటలా కరిగి మంటలో పడుతుంటే తృప్తిగా చూస్తాడు. తాను విరగ్గొట్టాడు కాబట్టే దాన్ని అంత ద్వేషించినట్టు ఉంటుంది. ఇప్పుడు దీన్ని, చివర్లో నొప్పి తగ్గించే మార్ఫియాని పాలలో ఎక్కువ కలిపి, జబ్బుతో బాధపడే తల్లికిచ్చే ఘట్టంతో పోల్చి చదవండి. దయ అన్న ఒక్క మాటతో అది తెగదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది తండ్రి దగ్గర. కథకుడు తల్లి పక్షం వహిస్తాడు, మనమూ వెంట పడిపోతాం. కానీ గని యాసలో మాట్లాడే ఆ తండ్రి మొరెల్, పిల్లల్ని కూర్చోబెట్టుకుని గడ్డిపుల్లల్లో మందు నింపి గనిలో పేలుళ్లకి ఫ్యూజులు చేసే సాయంత్రాలు కూడా నవల్లోనే ఉన్నాయి. భార్య అతన్ని ఈసడించడంలో వర్గం ఎంత, కామం ఎంత? కొడుకులు గనిలో దిగకూడదన్న ఆమె పట్టుదలని ఫ్రాయిడ్ ఒక్కడితో వివరించలేం. వర్గాన్నీ ఫ్రాయిడ్‌నీ కలిపి ఎలా చదవాలో 1983లో విమర్శకుడు టెర్రీ ఈగల్‌టన్ చూపించాడు, కొన్ని పేజీలే.

ఇంకోటి. గార్నెట్ దాదాపు పదో వంతు కత్తిరించాడు, 1992 కేంబ్రిడ్జ్ ప్రతిలో అదంతా తిరిగొచ్చింది. పెద్దకొడుకు విలియం గురించి వాదించేట్టయితే ఆ ప్రతే వాడండి, పేజీ నంబర్లూ దానివే ఇవ్వండి.