బ్యాడ్జీ అమెరికాది, బండి ఎక్కడిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అమెరికాలో డెట్రాయిట్ కంపెనీలకూ (జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి అమెరికా కంపెనీలు) జపాన్, కొరియా కంపెనీలకూ మధ్య నడుస్తున్న పోటీ గురించి, అక్కడ కారు కొనడం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి వాటికే చోటు.

ప్ర: డాలస్‌లో మా అబ్బాయి, వాడి స్నేహితులు అందరూ టయోటాలు, హోండాలే నడుపుతున్నారు. అమెరికా వాళ్లు కూడా సొంత కంపెనీలను కాదని ఇవే కొంటారట. ఇది ఎప్పుడు మొదలైంది? – కె.వి.ఆర్., గుంటూరు

జ: మొదలు పెట్రోలు దగ్గర. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. 1979లో ఇరాన్ విప్లవంతో రెండో దెబ్బ పడింది. బంకుల ముందు బారులు తీరిన ఆ రోజుల్లో డెట్రాయిట్ షోరూముల నిండా ఉన్నవి ఎనిమిది సిలిండర్ల పెద్ద వి-8 బండ్లు. అలాగని వాళ్లు చిన్న కార్లు చేయలేదని కాదు. షెవ్రొలే వేగా 1970లోనే వచ్చింది. అయితే దాని అల్యూమినియం ఇంజన్ వేడెక్కితే సిలిండర్లు పాడై ఆయిల్ తాగేది, ముందు ఫెండర్లు కొద్ది చలికాలాలకే తుప్పు పట్టేవి. చిన్న కారు మీద లాభం తక్కువ, అందుకని దాని మీద శ్రద్ధా తక్కువే. జపాన్ వాళ్లకు మాత్రం ఆ చిన్న కారే బతుకుదెరువు. 1975 మోడల్ హోండా సివిక్ సీవీసీసీ ఇంజన్ పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండానే కాలుష్య పరీక్ష నెగ్గింది.

1981లో అమెరికా ఒత్తిడి మీద జపాన్ తన ఎగుమతులను ఏడాదికి 16.8 లక్షల కార్లకు కట్టేసుకుంది. డెట్రాయిట్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. పంపగలిగే బండ్ల లెక్క ఖాయమైపోయాక, ఒక్కో బండి మీద ఎక్కువ మిగిలేలా చూసుకోవడమే దారి. దాంతో జపాన్ కంపెనీలు ఖరీదైన మోడళ్ల వైపు తిరిగాయి. 1986లో హోండా వాళ్ల అక్యూరా, 1989లో టయోటా వాళ్ల లెక్సస్, నిస్సాన్ వాళ్ల ఇన్ఫినిటీ బ్రాండ్లు వచ్చాయి. ఇంకో దారి అమెరికాలోనే ఫ్యాక్టరీ పెట్టడం. హోండా 1982 నవంబరులో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో అకార్డ్ తయారీ మొదలుపెట్టింది. 1983లో నిస్సాన్ టెనెసీలోని స్మర్నాలో, 1988లో టయోటా కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో దిగాయి. 1989 నాటికి అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అకార్డ్. ఫోర్డ్ టారస్ 1992 నుంచి 1996 దాకా ఆ స్థానం మళ్లీ లాక్కుంది గానీ, 1997లో టయోటా క్యామ్రీ వచ్చి కూర్చుంది.

అమెరికా వాళ్లకు దేశాభిమానం తగ్గిందని దీన్ని చదివేవాళ్లున్నారు. మాకు ఆ లెక్క నచ్చదు. మూడో ఏట గేర్‌బాక్స్ పోయిన బండి ఉన్న ఇంట్లో ఆ కంపెనీ పేరెత్తితే ఒప్పుకోరు. పదిహేనేళ్లు నడిచిన బండిని తల్లిదండ్రులు పిల్లలకిస్తారు, ఆ పిల్లలు సంపాదన మొదలయ్యాక అదే షోరూముకు వెళ్తారు. నమ్మకం ఇలా ఇంటి వారసత్వంగా దిగుతుంది. దాన్ని ఎలా కట్టుకోవాలో చూడాలంటే 1989 డిసెంబరు నాటి లెక్సస్ రీకాల్ ఒక్కటి చాలు. కంపెనీ మార్కెట్లోకి వచ్చి నెలలే. ఎల్ఎస్ 400లో వెనక అద్దం దగ్గరి బ్రేక్ లైటు, క్రూయిజ్ కంట్రోల్ వంటి లోపాలకు సుమారు 8,000 బండ్లు వెనక్కి పిలవాలి. డీలర్ మనుషులు ఇంటికే వచ్చి బండి తీసుకెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తెచ్చి ఇచ్చారు. పరువు పోవాల్సిన చోట పేరొచ్చింది.

ప్ర: కొత్త ఎస్‌యూవీ కొనబోతున్నాం. అమెరికాలో తయారైన కారైతే లోను వడ్డీకి పన్ను మినహాయింపు ఉందంటున్నారు. అమెరికన్ బ్రాండే కొనాలా? – ఎస్.ఎల్., ఫ్రిస్కో, టెక్సాస్

జ: బ్రాండుతో పని లేదు. చివరి బిగింపు అమెరికా నేల మీద జరిగి ఉండాలి, అంతే. ముందుగా డ్రైవర్ వైపు ముందద్దం కింద మూలన ఉండే 17 అక్షరాల విన్ నంబరు, అంటే ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య, చూడండి. మొదటి గుర్తు 1, 4, 5, 7 అయితే అమెరికా. 2 కెనడా, 3 మెక్సికో, జె జపాన్, కె కొరియా, డబ్ల్యూ జర్మనీ. పదో గుర్తు మోడల్ ఏడాది (ఎస్ అంటే 2025, టి అంటే 2026), పదకొండోది ఫ్యాక్టరీ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకే మోడల్ వేర్వేరు దేశాల నుంచి వస్తుంది. హోండా సీఆర్‌వీలు ఒకే డీలర్ దగ్గర పక్కపక్కనే నిలబడి ఉన్నా, ఒకటి కెనడాలోని అలిస్టన్‌ది, ఇంకోటి ఒహాయోదో ఇండియానాదో కావచ్చు. టయోటా రావ్4లో జె, 2, 4 మూడు రకాల నంబర్లూ ఉన్నాయి. మరోవైపు ఫోర్డ్ మావెరిక్ మెక్సికోలో, షెవ్రొలే ట్రాక్స్ కొరియాలో తయారవుతాయి. బ్యూయిక్ ఎన్విజన్ చైనా నుంచి వచ్చింది. కాబట్టి మోడల్ పేరు మీద మాట తీసుకోకండి. మీకిచ్చే బండి నంబరునే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులోని విన్ డీకోడర్‌లో కొట్టి, ఫ్యాక్టరీ వివరం కాగితం మీద తీసి పెట్టుకోండి.

కిటికీకి అంటించిన స్టిక్కర్ మీద విడిభాగాల శాతం కూడా ఉంటుంది. అది అమెరికా, కెనడా రెండూ కలిపిన లెక్క, పైగా ఆ మోడల్ మొత్తానికి సగటు. బిగింపు కూలీ అందులో కలవదు. పన్ను మినహాయింపుకు ఆ శాతంతో సంబంధం లేదు, ‘ఫైనల్ అసెంబ్లీ’ అని రాసిన ఊరు చూస్తే చాలు.

మిగతా షరతులు: బండి కొత్తదై ఉండాలి, సొంత వాడకానికి కొనాలి, లోను 2024 డిసెంబరు 31 తర్వాత తీసుకున్నదై ఉండాలి. లీజుకు వర్తించదు. 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ దాకా మినహాయించుకోవచ్చు. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకూ ఇది వస్తుంది. రిటర్నులో విన్ నంబరు తప్పనిసరి. ఆదాయం ఒంటరివారికి లక్ష, దంపతులకు రెండు లక్షల డాలర్లు దాటితే, పైనున్న ప్రతి 1,000కీ 200 చొప్పున తగ్గుతుంది. ఇద్దరూ ఐటీ ఉద్యోగులైతే ముందు ఈ లెక్క చూసుకోండి. 40,000 డాలర్ల లోను, 7 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే మొదటి పన్నెండు నెలల వడ్డీ సుమారు 2,580. మీది 22 శాతం శ్లాబు అయితే మిగిలేది సుమారు 568 డాలర్లు. దానికోసం డీలర్‌కు 2,000 ఎక్కువిచ్చి కొనడం దండగ.

ప్ర: మా అమ్మాయి ఎంఎస్‌కు వెళ్లింది. బడ్జెట్ 8,000 డాలర్లు. సీనియర్లు కళ్లు మూసుకుని టయోటా కరోలా కొనమంటున్నారు. అమెరికన్ కార్లు అంత చెడ్డవా? – ఒక తల్లి, ఖమ్మం

జ: కళ్లు మాత్రం మూసుకోవద్దని చెప్పండమ్మా. ఆ ధరకు కరోలా లక్షన్నర మైళ్లు తిరిగినది రావచ్చు, అదే డబ్బుకు ఫోర్డ్ ఫ్యూజన్ తక్కువ మైళ్లతో దొరుకుతుంది. కరోలా మీద అదనంగా ఇచ్చేదాంట్లో కొంత పేరుకే పోతుంది. దీనికి పాత సాక్ష్యం ఉంది. 1984లో జనరల్ మోటార్స్, టయోటా కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో నుమీ అనే ఫ్యాక్టరీ నడిపాయి. అక్కడ ఒకే లైను మీద, అదే కార్మికుల చేతుల్లో కరోలా, షెవ్రొలే ప్రిజమ్ తయారయ్యేవి. ఇంజన్, గేర్‌బాక్స్, ఛాసిస్ అన్నీ ఒకటే. అయినా సెకండ్ హ్యాండ్‌లో ప్రిజమ్ ఎప్పుడూ చవక. దాని తర్వాత వచ్చింది జనరల్ మోటార్స్ వాళ్ల పాంటియాక్ వైబ్. అది టయోటా మ్యాట్రిక్స్‌కు కవల, వైబ్ కూడా ఫ్రీమాంట్‌దే. 2009, 2010 వైబ్ 1.8 లీటర్ బండి మంచి స్థితిలో దొరికితే వదలొద్దు. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ లోపానికి వచ్చిన రీకాల్ పని అయిందో లేదో మాత్రం చూసుకోవాలి.

అమెరికన్ బండ్లలో వద్దనదగ్గది 2012–16 ఫోర్డ్ ఫోకస్, 2011–16 ఫియెస్టా ఆటోమేటిక్. వాటి డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో సీలు కారి ఆయిల్ క్లచ్ మీద పడుతుంది, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. జపాన్ వాటిలో 2013–16 నిస్సాన్ ఆల్టిమా. దాని సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ మీద ఫిర్యాదులకు కంపెనీయే వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్లకు పెంచాల్సి వచ్చింది. ఫ్యూజన్‌లో టర్బో లేని 2.5 లీటర్ ఇంజన్ వెతకండి, టైమింగ్ చైను ఉంటుంది. 2013–16 వాటికి గేర్ కేబుల్ బుష్ రీకాల్ ఉంది. బుష్ ఊడితే లివర్ పార్కులో ఉన్నా బండి పార్కులో ఉండదు.

బండి చూడ్డానికి ఉదయాన్నే వెళ్లమనండి, ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేస్తేనే అసలు చప్పుడు తెలుస్తుంది. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. బండి కంప్యూటర్‌ను చదివే చిన్న ఓబీడీ స్కానర్ పెట్టి ‘రెడీనెస్ మానిటర్లు’, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షల ఫలితాలు, చూడాలి. సగం ‘నాట్ రెడీ’ అంటే ఎర్రర్ కోడ్‌లు నిన్నో మొన్ననో చెరిపేశారని అర్థం. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్న పేరు, అమ్మేవాడి లైసెన్సు మీది పేరు ఒకటే కావాలి. దాని మీద ‘సాల్వేజ్’, ‘రీబిల్ట్’ (బాగా దెబ్బతిన్నది, లేదా అలా దెబ్బతిని మళ్లీ బాగుచేసినది) అని ఉంటే వద్దు. చివరగా, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించాలి. దానికి 100–200 డాలర్లవుతుంది, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

ప్ర: కార్లలో టయోటా గెలిస్తే పికప్ ట్రక్కుల్లో ఇంకా ఫోర్డే ఎందుకు? – ఎన్.పి., వరంగల్

జ: కోడిమాంసం వల్ల. 1960లలో యూరప్ అమెరికా కోడిమాంసంపై సుంకం పెంచితే, దానికి బదులుగా ప్రెసిడెంట్ జాన్సన్ దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశారు. 1964 నుంచి అది అలాగే ఉంది. కార్ల మీద మాత్రం దశాబ్దాలపాటు రెండున్నర శాతమే. ఆ గోడ చాటున డెట్రాయిట్ పికప్‌లను పెంచుకుంది. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఎక్కువ అమ్ముడవుతున్న ట్రక్కు.

ఈ గోడ ఫోర్డ్‌కే అడ్డం తగలడం తమాషా. టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లకు వెనక సీట్లు, కిటికీలు బిగించి ప్యాసింజర్ బండ్లుగా అమెరికా రేవులో దించేది. కస్టమ్స్ దాటగానే సీట్లు పీకేసి సరుకు వ్యాన్లుగా అమ్మేది. ఆ కేసు 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టి పరిష్కరించుకుంది.

సుంకం ఒక్కటే కాదనుకోండి. టయోటా టండ్రా 2006 నుంచి టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలోనే తయారవుతోంది, సుంకం లేదు. అయినా ఫోర్డ్‌ను అందుకోలేదు. మేస్త్రీకి, రైతుకు కావాల్సిన క్యాబిన్, తొట్టి పొడవు, ఇంజన్, యాక్సిల్ కలిపి ఎఫ్-150లో ఎన్నో రకాలు దొరుకుతాయి, చిన్న ఊళ్లో కూడా డీలర్ ఉంటాడు. ఇక ఇంజన్ నమ్మకం అంటారా, 2024లో ఇంజన్‌లో మిగిలిపోయిన లోహపు రజను వల్ల టండ్రాలు, లెక్సస్ ఎల్ఎక్స్‌లు కలిపి లక్షకు పైగా రీకాల్ అయ్యాయి. 2025లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ వి-8ల వంతు వచ్చింది. ఈ విషయంలో ఒకరు ఇంకొకరిని అనేదేం లేదు.

ప్ర: మిషిగన్‌లో ఉద్యోగం వచ్చింది, ఫోర్డ్‌కు విడిభాగాలిచ్చే కంపెనీ. హోండాలో వెళ్తే తప్పుగా చూస్తారా? – ఆర్.టి., నోవై

జ: 1980లలో అయితే చూసేవారు. యూనియన్ ఆఫీసు పార్కింగులోకి విదేశీ బండ్లను రానిచ్చేవారు కాదు. 1982లో డెట్రాయిట్ శివారులో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ని, ఉద్యోగాలు పోవడానికి కారణం మీరేనంటూ కొట్టి చంపారు. చేసినవాళ్లకు పడింది ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. ఇప్పుడు ఆ వాతావరణం లేదు, కొన్ని ఫ్యాక్టరీల్లో గేటుకు దగ్గరి వరసలు సొంత బ్రాండ్లకు కేటాయిస్తారు, అంతే. మీరు అడగాల్సింది హెచ్ఆర్‌ను: మాకు ఎక్స్-ప్లాన్ (ఫోర్డ్ తన భాగస్వామి కంపెనీల ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధర) ఉందా అని. ఉంటే పిన్ తీసుకుని, బేరం మొదలుపెట్టకముందే డీలర్‌కు చెప్పండి. ధర ఇన్వాయిస్ మీదే అచ్చై ఉంటుంది. గిరాకీ ఎక్కువున్న మోడళ్లకు ఇవ్వరు.

ప్ర: హ్యుందాయ్ పదేళ్ల వారంటీ నమ్మొచ్చా? మూడేళ్ల పాత బండి కొంటే మాకూ వస్తుందా? – పి.ఎస్., ఎడిసన్, న్యూజెర్సీ

జ: మామూలుగా కొంటే రాదు. ఇంజన్, గేర్‌బాక్స్‌ల పదేళ్లు లేదా లక్ష మైళ్ల హామీ మొదటి యజమానికే. చేయి మారితే మొదటి అమ్మకం తేదీ నుంచి ఐదేళ్లు లేదా 60,000 మైళ్లు. హ్యుందాయ్ డీలర్ దగ్గర ‘సర్టిఫైడ్’ బండి కొంటే పదేళ్లదే మళ్లీ వస్తుంది. కొనే ముందు రాతలో చూసుకోండి.

ఆ వారంటీ పుట్టింది చెడ్డపేరులోంచే. 1986లో 4,995 డాలర్ల ఎక్సెల్‌తో వచ్చి మొదటి ఏడాదే సుమారు 1.69 లక్షలు అమ్మారు. నాణ్యత నిలవక హ్యుందాయ్ నవ్వులపాలైంది. 1999 మోడళ్లతో పదేళ్ల హామీ ఇచ్చి తిరిగి లేచింది. తర్వాత 2.0, 2.4 లీటర్ థీటా ఇంజన్లలో బేరింగులు పోయి మళ్లీ రీకాల్స్. కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతి రసీదు, తేదీ, మైళ్లతో సహా దాచండి. క్లెయిము వచ్చినప్పుడు మొదట అడిగేది అవే. బయటి మెకానిక్ దగ్గర మార్పించినంత మాత్రాన వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. తాళం తిప్పి స్టార్ట్ చేసే రకం పాత బండైతే దొంగతనాల బెడద ఉంది. సరైన తాళం లేకుండా ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ ఉందో లేదో, దొంగతనం నిరోధించే సాఫ్ట్‌వేర్ పడిందో లేదో డీలర్‌ను అడగండి, ఇన్సూరెన్స్ రేటు కొనకముందే కనుక్కోండి.

ప్ర: మా పెనుకొండ కియా కార్లు అమెరికా వెళ్తాయా? – డి.ఎం., హిందూపురం

జ: వెళ్లవు. అమెరికాలో అమ్మే సెల్టోస్ కొరియా నుంచి వెళ్తుంది, కియాకు అక్కడ జార్జియాలోని వెస్ట్ పాయింట్‌లో సొంత ఫ్యాక్టరీ ఉంది. అయితే మన పక్క నుంచి వెళ్లిన అమెరికన్ బ్రాండ్ ఒకటుంది. 2018–22 మోడల్ ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లు చెన్నై దగ్గరి మరైమలై నగర్‌లో తయారై ఓడెక్కాయి. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021లో ప్రకటించాక అక్కడా అమ్మకం ముగిసింది. వాటి విన్ నంబరు ‘ఎం’ (M) అక్షరంతో మొదలవుతుంది. అమెరికాలో మీవాళ్లెవరైనా పాతది చూస్తుంటే 1.0 లీటర్ ఇంజనా, 2.0 లీటరా అని ముందు అడగమనండి. 1.0 అయితే ఆయిల్ పంపు బెల్టు టెన్షనర్ విరిగే అవకాశంతో 2023 చివర్లో రీకాల్ వచ్చింది. అది విరిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఇంజన్ ఆగుతుంది, బ్రేక్ బూస్టర్ కూడా పనిచేయదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో నంబరు కొట్టి ఆ పని పూర్తయినట్టు తేలాకే అడ్వాన్సు ఇవ్వమనండి.